పొద మాటున దుప్పికి ఏ తుపాకీ?

(మన సంఘం తెనాలి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మామూలుగా నడిచే విషయాలు మూడు: డి.ఆర్. బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, మోకాళ్ళు. ప్రత్యేక సంచిక కోసం ఈసారి ఎవరి అనుభవం వారు చెప్పాలని కార్యదర్శి గారు పట్టుబట్టారు. "మీరు ఆయుధాల లైసెన్సుల సీటు చూశారు గదా, దాని మీద చెప్పండి" అన్నారు. ఫైళ్ళ సంగతి చెబితే మీరు నిద్రపోతారు. అందుకని వేటకు తుపాకీ ఎంచుకోవడం గురించి చెబుతాను. నవ్వకండి. ఎనభై దాటినవాడికి, అందులోనూ వేట చట్టవిరుద్ధమై యాభై ఏళ్ళు దాటిన దేశంలో, ఈ విషయం ఎందుకని మీరు అడగవచ్చు. కారణం మా మనవడు.

మా పెద్దమ్మాయి కొడుకు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఏటా నవంబరు నెలాఖరులో తొమ్మిది రోజులు జింకల వేటకు తుపాకీ సీజను. ఆ తొమ్మిది రోజులూ ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీట. తోటి ఉద్యోగులు రమ్మన్నారు. వాడు ఫోను చేసి, "తాతయ్యా, మీ మావయ్య గారికి రైఫిలు ఉండేదిట గదా, అమ్మ చెప్పింది. ఇక్కడ అడవి మరీ గుబురు, పొదలు ఎక్కువ. అలాంటి చోట ఏ తుపాకీ మంచిది?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆలోచించి చెప్పాను. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఒక సంగతి మాత్రం వాడికి చెప్పేముందు మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పినది కాదు.

1968లో నాకు ఇరవై నాలుగేళ్ళు. బాపట్ల తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి రెండేళ్ళయింది. మా మేనమామది రేపల్లె తాలూకాలో నిజాంపట్నం వైపు పల్లె. పది ఎకరాల మాగాణి, మంచి పేరు, పిల్లల మీద కన్నా షికారు మీద ఎక్కువ ప్రేమ. మన డెల్టాలో కొల్లేటి పక్షులు, కంకపిట్టలు తప్ప షికారు ఏముంటుంది? ఆయన దృష్టంతా వినుకొండ, మాచర్ల వైపు అడవుల మీద ఉండేది. ఆయనకు అప్పటివరకూ ఉన్నది జంట గొట్టాల ట్వెల్వ్ బోర్ తుపాకీ. బాతులకు సరిపోయేది. దుప్పిని కొట్టాలంటే రైఫిలు ఉండాలని ఆయనకు మనసులో పడింది.

ఇక్కడ ట్వెల్వ్ బోర్ అంటే ఏమిటో చెప్పాలి. సీటు చూసినన్ని ఏళ్ళు చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఇది. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపి తూస్తే ఒక పౌను బరువు ఉంటే అది ట్వెల్వ్ బోర్. గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఒక తూటాలో చిన్న గుండ్లు వందల కొద్దీ వేసుకోవచ్చు, పిట్టలకు. పెద్ద జంతువుకైతే ఎల్.జి., ఎస్.జి. అని పెద్ద గుండ్ల తూటాలు. ఎల్.జి. గుండ్లు ఔన్సుకు ఆరు తూగుతాయి, ఎస్.జి. ఎనిమిది. తూటా బయటికి వచ్చాక గుండ్లు విసనకర్రలా పరుచుకుంటాయి. ముప్ఫై గజాల లోపల అది ప్రాణాంతకం. నలభై దాటితే ఒక గుండు తొడకూ, ఒకటి పొట్టకూ తగిలి, జంతువు చావకుండా పారిపోతుంది.

రైఫిలు అలా కాదు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. ఒకే గుండు, బొంగరంలా గిరగిర తిరుగుతూ పోతుంది. ఆ తిరుగుడే దాన్ని తిన్నగా నడుపుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మన దేశంలో పౌరుడు కొనగలిగిన రైఫిలు అప్పట్లో ముఖ్యంగా .315. ఎందుకు ఆ నంబరంటే, సైన్యం వాడే .303 తూటా పట్టే తుపాకీ పౌరుల చేతిలో ఉంటే మిలటరీ తూటాలు బజారుకు వస్తాయని తెల్లవారి కాలం నుంచీ భయం. అది నిషిద్ధ బోరు. అందుకని ఇంగ్లండులో బి.ఎస్.ఎ. కంపెనీ వారు మన దేశం కోసం .315 తయారు చేసేవారు. తరవాత బెంగాల్లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే తరహాది చేయడం మొదలుపెట్టింది. గుండు బరువు 244 గ్రెయిన్లు. మన లెక్కలో తులమూ పావు పైచిలుకు సీసం. ముక్కు మెత్తగా ఉంటుంది. తగిలాక పువ్వులా విచ్చుకుంటుంది.

మావయ్య మినుము అమ్మిన డబ్బు పట్టుకుని బయల్దేరాడు. రేపల్లెలో ఆయన స్నేహితుడు ఒక మాజీ సుబేదారు ఉండేవాడు. "పొదల్లో వేటకు నీ దగ్గరున్న జోడు తుపాకీ చాలు. దగ్గరికి వెళ్ళడం నేర్చుకో" అన్నాడు. తుపాకుల దుకాణదారు మాత్రం, "ఎల్.జి. గుండు రేగుకంప తగిలితే ఆగిపోతుంది. ఈ .315 తూటా పొదను చీల్చుకుని పోతుంది" అన్నాడు. మావయ్యకు రెండో మాట నచ్చింది. కొనాలని బయల్దేరినవాడికి ఏ మాట నచ్చుతుందో మీకు తెలియనిది కాదు. నాకూ నచ్చింది. ఆ కొత్త రైఫిలు నూనె వాసన ఇప్పటికీ ముక్కుకు తగిలినట్టే ఉంటుంది.

ఆ డిసెంబరులో వెళ్ళాం. రేపల్లెలో బండెక్కి తెనాలి మీదుగా గుంటూరు, అక్కడ మీటర్ గేజి బండి మారి వినుకొండ, అక్కణ్ణించి బస్సు, ఆపైన బొల్లాపల్లి వైపు అద్దె ఎడ్లబండి. అటవీశాఖ వారి పర్మిటు మావయ్య పేరున ఉంది. కొమ్ములున్న పోతును తప్ప కొట్టకూడదని దానిమీద షరతు. తోవ చూపడానికి ఒక చెంచు పెద్దాయన కుదిరాడు. ఆయన చేతిలో విల్లు, నడుముకు గొడ్డలి. ఆయన అడుగు వేస్తే ఎండుటాకు చప్పుడు కాదు. మేము వేస్తే అప్పడాల మూట మీద నడిచినట్టు.

ఆ అడవి మనం సినిమాల్లో చూసే అడవి కాదు. పెద్ద చెట్లు తక్కువ. చండ్ర, రేగు, బలుసు, తునికి. నడుమెత్తు నుంచి నిలువెత్తు దాకా పొదలే పొదలు. ముప్ఫై గజాల అవతల ఏనుగు నిలబడ్డా కనిపించదేమో అనిపించేది. చెంచు పెద్దాయన మొదట నేర్పింది, దుప్పి కోసం వెతకవద్దని. దుప్పి మొత్తంగా ఎక్కడా కనిపించదు. చెవి కదలడం చూడు, కాలు చూడు, నిలువు కొమ్మల మధ్య అడ్డంగా ఉన్న గీత చూడు, అది దాని వీపు అన్నాడు. వంగి పొదల అడుగు నుంచి చూడమనేవాడు. పైన ఆకు దట్టంగా ఉన్నా, కింద మూరెడు ఎత్తున కొంత ఖాళీ ఉంటుంది.

రెండో రోజు పొద్దున మావయ్యకు నడుం పట్టేసి ఒక బండరాయి మీద కూర్చుండిపోయాడు. "అల్లుడూ, నువ్వెళ్ళు" అని రైఫిలు నా చేతికిచ్చాడు. లైసెన్సు ఆయన పేరున ఉంది, ఆయుధం నా చేతిలో ఉంది. తాలూకా ఆఫీసు గుమాస్తాకు అది తప్పని తెలియదా? తెలుసు. తీసుకున్నాను.

అరగంట తరవాత చెంచు పెద్దాయన చెయ్యి చాపి ఆపాడు. నలభై అడుగుల దూరంలో పొద వెనక గోధుమరంగు, దాని మీద రెండు మూడు తెల్ల చుక్కలు. తల కనపడలేదు. కొమ్ములున్నాయో లేదో తెలియదు. ఆయన ఆగమన్నట్టే చెయ్యి అడ్డంగా పెట్టి ఉంచాడు. నేను ఆగలేదు. తూటా పొదను చీల్చుకుపోతుందని దుకాణంలో విన్నాను గదా. జబ్బ వెనక గురి చూసి మీట నొక్కాను.

దుప్పి ఎగిరి, వెనక కాళ్ళు తన్ని, పరుగు తీసింది. అప్పుడైనా ఊరుకోవాల్సింది. బోల్టు లాగి, పరుగెత్తుతున్న చప్పుడు వైపు ఇంకోటి పేల్చాను. ఏదో చెక్కకు తగిలినట్టు టక్కుమంది. ఆ వెంటనే దూరంగా ఒక మనిషి కేక.

అది మా బండివాడి కేక. మేము బయల్దేరినచోట వదిలిన బండిని, ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి వాగు ఒడ్డుకు తోలుకొచ్చాడట. అది నాకు తెలియదు. బండి కింద నీడలో పడుకున్నాడు. నా రెండో తూటా చండ్ర కొమ్మ ఒకదాన్ని గీరి, దారి మళ్ళి, బండి చక్రం ఆకులో దిగింది. అతని తలకు, ఆ ఆకుకు మధ్య జానెడు దూరం. నేను వెళ్ళేసరికి అతను లేచి కూర్చుని ఉన్నాడు. ఏమీ అనలేదు. విరిగిన ఆకును చేత్తో తడుముతూ కూర్చున్నాడు. అతనికి ముగ్గురు పిల్లలని ముందు రోజు రాత్రి అన్నం తింటుండగా చెప్పి ఉన్నాడు.

మావయ్య అతనికి కొత్త చక్రానికి ఖరీదు, ఆపైన మరికొంత ఇచ్చాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

దుప్పి సంగతి కూడా చెప్పాలి. గాయపడ్డ జంతువు వెంట వెంటనే పరుగెత్తకూడదు. తరిమితే మైళ్ళు పోతుంది, వదిలేస్తే దగ్గర్లో పడుకుంటుంది. చెంచు పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి, తాను నెత్తురు చూసి వచ్చాడు. లేత ఎరుపు, నురుగు ఉంటే ఊపిరితిత్తుల దెబ్బ, దగ్గర్లోనే పడిపోతుంది. నల్లటి ఎరుపైతే కాలేయం, కాస్త ఆగాలి. నెత్తురులో పచ్చని పసరు కలిసి ఉంటే పొట్ట దెబ్బ. అది గంటల తరబడి చావదు. మాది పచ్చది. చీకటి పడేదాకా వెతికినా దొరకలేదు. తెల్లారి రాబందులు దిగిన చోటు చూసి వెళ్ళాం. (ఆ రోజుల్లో రాబందులు అన్ని ఉండేవి. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు వల్ల తరవాత అవి పోయాయి. ఆ మందును పశువులకు వాడకుండా 2006లో నిషేధించారు.) అది ఆడది. "కొమ్ముల్లేంది సామీ, గార్డు వస్తాడు, పోదాం" అన్నాడు పెద్దాయన. అంతే.

వచ్చేముందు నేను కాల్చిన చోట నిలబడి చూశాను. దుప్పి నిలబడ్డ చోటికి పది అడుగుల ఇవతల చిటికెనవేలంత చండ్ర రెమ్మ ఒకటి సగానికి తెగి వేలాడుతోంది. జబ్బ మీద పెట్టిన గురి పొట్టకు ఎందుకు తగిలిందో అప్పుడు అర్థమైంది. కొంత నా చెయ్యి వణుకు కూడా అయి ఉండవచ్చు.

ఇక మనవడి ప్రశ్న. అమెరికాలో ఇలాంటి పొదల వేటకు వాడే తుపాకీకి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, "బ్రష్ గన్" అంటారు. 1894లో వచ్చిన వించెస్టర్, తరవాత మార్లిన్ కంపెనీ వారి 336, ఇలాంటివి. మీట చుట్టూ ఉండే కమ్మీని కిందికి లాగి పైకి నొక్కితే తరవాతి తూటా ఎక్కుతుంది. పొట్టిగా, తేలిగ్గా ఉంటాయి. వాటికి ఎక్కువగా వాడే తూటా థర్టీ థర్టీ. గుండు బరువు, వేగం తక్కువ, ముక్కు మొద్దు కాబట్టి అది రెమ్మల్ని విరుచుకుని పోతుందనీ, సన్నటి వేగమైన గుండ్లు రెమ్మ తగిలితే చెదిరిపోతాయనీ అక్కడి వేటగాళ్ళు తరతరాలుగా నమ్మారు. మా దుకాణదారు చెప్పింది ఆ నమ్మకమే. నిజానికి మొద్దు ముక్కుకు కారణం వేరు. ఆ తుపాకీలో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వాడి ముక్కు గుండు అయితే ముందు తూటా పిరుదులోని మందును పొడిచి లోపలే పేల్చవచ్చు.

పరీక్షలు చేసినవాళ్ళు ఉన్నారు. చెక్క పుల్లలు వరసలుగా పాతి, వెనక లక్ష్యం పెట్టి, రకరకాల తూటాలు పేల్చి చూశారు. తేలిందేమిటంటే పుల్ల తగిలాక తిన్నగా పోయే తూటా అంటూ లేదు. పొడుగాటి, బరువైన గుండు కొంత నయం, అంతే. ఇందాక చెప్పిన బొంగరం గుర్తుందా? తిరుగుతున్న బొంగరాన్ని పక్కనుంచి వేలితో తాకితే పడిపోదు, కానీ తూలుతుంది. గుండూ అంతే. రెమ్మ తగలగానే తూలుతుంది, తూలినదారిన పోతుంది. రెమ్మ జింకకు ఆనుకుని ఉంటే తూలినా పెద్ద తేడా రాదు. రెమ్మ మన దగ్గర ఉండి జింక దూరాన ఉంటేనే ప్రమాదం. లెక్క వేసి చూడండి: గుండు దారి ఒక్క డిగ్రీ మారితే, యాభై గజాలు పోయేసరికి రెండున్నర అడుగుల పైన పక్కకు పోతుంది. జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు మనం అన్నం తినే కంచమంత. దాని అవతల ఏముందో మీరు చూసి ఉండరు. నేను చూడలేదు.

కాబట్టి పొదను చీల్చే తుపాకీ కోసం వెతకవద్దని మనవడికి చెప్పాను. పొదల్లో కావలసింది, రెమ్మల మధ్య సందు దొరికిన ఆ రెండు క్షణాల్లో భుజానికి సరిగ్గా వచ్చి కూర్చునే తుపాకీ. గొట్టం పొట్టిగా ఉండాలి, లేకపోతే ప్రతి తీగా పట్టుకుంటుంది. కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తి, కళ్ళు తెరిస్తే వెనక సైటు, ముందు సైటు ఒక వరసలో కనపడాలి. అలా కనపడకపోతే ఆ చెక్క మడమ నీ కొలతది కాదు. టెలిస్కోపు పెట్టుకుంటే అతి తక్కువగా పెద్దది చేసి చూపేది, ఒకటి నుంచి నాలుగు రెట్లది పెట్టుకో. తొమ్మిది రెట్లది పెడితే నలభై గజాల్లో జింక వెంట్రుకలు తప్ప జింక కనపడదు. తూటా థర్టీ థర్టీ అయినా, త్రీ నాట్ ఎయిట్ అయినా ఆ దూరానికి చాలు. భుజాన్ని గూబపట్టేలా తన్నే పెద్ద తూటా మాత్రం వద్దు. తన్నుకు జడిసినవాడు మీట నొక్కేముందే కళ్ళు మూస్తాడు. నన్నడిగితే థర్టీ థర్టీ. నిన్ను తీసుకువెళ్ళే పెద్దమనిషి దగ్గర వేరే ఉంటే అదే వాడు, నేర్పేవాడికి తెలిసిన తుపాకీ మంచిది.

దగ్గరికి వెళ్ళడం వస్తే జోడు తుపాకీ చాలన్న సుబేదారు మాట ఒక విధంగా నిజమే. పెద్ద పెద్ద షికారీలు ఎవరికి అలవాటైనది వారు వాడారు. కుమావూ కొండల్లో జిమ్ కార్బెట్ .275 రిగ్బీ వాడాడు, అది చిన్న గుండే. చిత్తూరు అడవుల్లో, మన నల్లమలలో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్‌ది .405 వించెస్టర్, బరువైన గుండు. వాళ్ళు పులుల ఎదురుగా కూర్చుని రాత్రంతా కదలకుండా ఉన్నవాళ్ళు. మనం తుపాకీ నంబరు అడుగుతాం గాని, వాళ్ళు కాల్చకుండా వదిలేసిన తూటాలెన్నో అడగం.

మనవడికి చట్టం సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? వాడు ఉన్నది హెచ్-వన్-బి వీసా మీద. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి వీసా వాళ్ళు తుపాకీ చేత పట్టుకోవడమే నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప. "స్నేహితుడిది గదా, ఒకసారి పట్టుకుని చూస్తే ఏమవుతుంది" అనుకోవద్దని గట్టిగా చెప్పాను. ఆ మాట ఎందుకంత గట్టిగా చెప్పానో వాడికి తరవాత తెలిసింది. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గాని ఆ తరవాత గాని పుట్టినవాళ్ళు వేట శిక్షణ సర్టిఫికెట్టు లేకుండా లైసెన్సు తీసుకోలేరు. తుపాకీ సీజనులో నడుం పైన వేసుకునే బట్టల్లో సగమైనా నిగనిగలాడే నారింజ రంగు ఉండాలి, లేదా 2016 నుంచి అదే తరహా గులాబి రంగు. పొద వెనక మనిషి ఉన్నాడని తెలియడానికి. మా బండివాడి ఒంటి మీద మట్టిరంగు దుప్పటి ఉండింది.

ఇక ఆ రైఫిలు ఏమైంది? ఇది మీలో కొందరికి నేరుగా పనికివచ్చే సంగతి. మీ ఇళ్ళల్లో, మీ అత్తవారి ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల అడుగున పాత తుపాకులు ఉన్నాయని నాకు తెలుసు. లైసెన్సుల రిజిస్టరులో ఆ పేర్లు రాసినవాణ్ణి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువులకు పర్మిట్లు ఇచ్చే వీలు ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. మావయ్య మాత్రం 1968 తరవాత అడవికి వెళ్ళనే లేదు. రైఫిలుకు నూనె రాసి పెట్టెలో పెట్టాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా గోనెపట్టాలో చుట్టి పోలీసు స్టేషనులో అప్పగించి, అయ్యాక తెచ్చుకునేవాడు. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి ఇక్కడున్న వారికి నేను చెప్పనక్కరలేదు. మావయ్య ఇంట్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. మనుషులు దక్కారు. పెట్టె రెండు రోజులు నీళ్ళలో నానింది. గొట్టం లోపల మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి. అయినా లైసెన్సు రెన్యూవలు చేయిస్తూనే ఉన్నాడు. ఎందుకని అడిగితే, "నీకెందుకురా" అనేవాడు.

ఆయన 1991లో పోయాడు. దినకర్మలు అయ్యాక అత్తయ్య నాకు కబురు పెట్టింది. కొడుకులిద్దరూ హైదరాబాదులో. "నాన్న గుర్తుగా ఉండనీ" అన్నారు. లైసెన్సుదారు చనిపోయిన క్షణం నుంచి ఆ తుపాకీ ఇంట్లో ఉండడం తప్పని నేను చెప్పాను. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 21. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సున్న డీలరు దగ్గర గాని డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. రసీదు ముఖ్యం. నోటిమాట మీద ఇచ్చి వచ్చి, పదేళ్ళ తరవాత తుపాకీ ఏదని అడిగితే జవాబు లేని కుటుంబాలను చూశాను.

ఇప్పటి నిబంధనలు 2016వి. లైసెన్సుదారు పోయాక వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మిగతా వారసుల అంగీకారం కావాలి. మనలాంటి వాళ్ళకు ముఖ్యమైన సంగతి, పోయేదాకా ఆగనక్కరలేదు. లైసెన్సుదారుకు డెబ్భై ఏళ్ళు నిండితే, లేదా ఆ తుపాకీ ఇరవై ఐదేళ్ళు ఆయన దగ్గర ఉంటే, ఏది ముందయితే అప్పుడు, బతికి ఉండగానే వారసుడికి బదిలీ చేయమని కోరవచ్చు. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులే, అంతకుముందు మూడు. రెన్యూవలు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు అయింది. ఇంకో సంగతి, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల వేరే జిల్లా అయింది. రేపల్లె అందులోకి వెళ్ళింది, తెనాలి గుంటూరులోనే ఉంది. లైసెన్సు ఇచ్చే అధికారి జిల్లా మెజిస్ట్రేటు కాబట్టి రేపల్లె వాళ్ళు అలవాటు కొద్దీ గుంటూరు వెళ్ళి, రోజంతా నిలబడి తిరిగి రాకండి. మీ పాత ఫైలు నంబరు, లైసెన్సు పుస్తకం జిరాక్సు పట్టుకుని బాపట్ల కలెక్టరాఫీసుకే వెళ్ళండి.

అత్తయ్యనూ, రైఫిలునూ రిక్షాలో పెట్టుకుని నేనే స్టేషనుకు తీసుకువెళ్ళాను. రైటరు నంబరు రాసుకుంటూ, "వారసులు ఎవరైనా లైసెన్సుకు పెట్టుకుంటారా?" అని అడిగాడు. అత్తయ్య నా వైపు చూసింది. ఆ రైఫిలు నాకు వస్తుందని ఆవిడ అనుకున్నట్టుంది. "వద్దు" అన్నాను. గడువు దాటాక అది ప్రభుత్వానికి జమ అయింది. గోనెపట్టా మాత్రం తిరిగి ఇచ్చారు.

ఆ పట్టా మడతల్లో ఒక చెక్కముక్క ఉంది. బండి చక్రం ఆకు ముక్క, మధ్యలో గుండు దిగిన రంధ్రం. మావయ్య ఆ రోజు బండివాడికి డబ్బిచ్చి, విరిగిన ఆకును అడిగి తెచ్చుకున్నాడన్నమాట. ఇరవై మూడేళ్ళు రైఫిలుతో పాటు దాచాడు. నాకు చూపించలేదు. ఇప్పుడది మా ఇంట్లో ఉంది.

మనవడు పోయిన నవంబరులో శిక్షణ పూర్తి చేసి, లైసెన్సు తీసుకుని వెళ్ళాడు. మూడు రోజులు మంచులో చెట్టు మొదట్లో కూర్చున్నాడట. ఒకసారి పొద వెనక తెల్ల తోక కదిలింది, తల కనపడలేదు, కాల్చలేదు. మిత్రుడు కొట్టిన జింకలో ఒక తొడ వాటా ఇస్తే తెచ్చుకున్నాడు. ఆ సమయానికి మా అమ్మాయి అక్కడే ఉంది, మంగళవారం. వంటింట్లోకి రానివ్వలేదు. గరాజులో స్టవ్ పెట్టుకుని వాడే వండుకున్నాడు, ఉప్పు ఎక్కువైందట.

కోశాధికారి గారు గడియారం చూపిస్తున్నారు. టీ వచ్చింది. లైసెన్సుల విషయంలో ఎవరికైనా కాగితాలు చూపించాలని ఉంటే, ఆ కిటికీ దగ్గర కూర్చుంటాను, రండి.